ఇంట్లోనే కంప్యూటర్ క్యాబినెట్: మీ ప్రశ్నలు, మా జవాబులు

చిన్న మదర్‌బోర్డుల గురించి పోయిన నెల రాసిన తర్వాత వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకటే మాట: బోర్డు చిన్నది కొన్నాం, దానికి తగ్గ క్యాబినెట్ మా ఊరి దుకాణాల్లో దొరకట్లేదు, ఇంట్లో చేసుకోవచ్చా అని. చేసుకోవచ్చు. ఈసారి శీర్షిక మొత్తం దానికే ఇస్తున్నాం.

ప్రశ్న: హనుమకొండలో రూమ్ తీసుకుని బీటెక్ చదువుతున్నాను. సెలవులకు ఊరికి పోయేటప్పుడు బ్యాగులో పెట్టుకుని బస్సెక్కేంత చిన్న కంప్యూటర్ కావాలి. మినీ ఐటీఎక్స్ బోర్డు, గ్రాఫిక్స్ లోపలే ఉన్న రైజెన్ ప్రాసెసర్ కొన్నాను. క్యాబినెట్ సొంతంగా చేద్దామని కూర్చుంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియట్లేదు. — ఒక విద్యార్థి, హనుమకొండ

జవాబు: డబ్బా బొమ్మ గీయడంతో మొదలుపెట్టకండి, పవర్ సప్లైతో మొదలుపెట్టండి. మినీ ఐటీఎక్స్ బోర్డు ఏ కంపెనీదైనా పొడవు 170 మి.మీ., వెడల్పు 170 మి.మీ. వయా కంపెనీ 2001లో తెచ్చిన కొలత ఇప్పటికీ మారలేదు, కాబట్టి అక్కడ మీరు ఆలోచించేదేమీ లేదు. మామూలు ఏటీఎక్స్ పవర్ సప్లై అయితే 150 మి.మీ. వెడల్పు, 86 మి.మీ. ఎత్తు, 140 మి.మీ. లోతు ఉంటుంది, సగం డబ్బా అదే తినేస్తుంది. ఎస్ఎఫ్ఎక్స్ రకం తీసుకోండి. దాని కొలత 125 × 100 × 63.5 మి.మీ. రేటు ఎక్కువే, అయినా చిన్న క్యాబినెట్ కావాలనుకునేవాళ్ళు డబ్బు పెట్టాల్సిన చోటు ఇదే, మిగతా వాటిలో పొదుపు చేయండి.

ఇప్పుడు బోర్డును కింద పడుకోబెట్టి, దాని పక్కన పవర్ సప్లైని నిలువుగా నిలబెట్టి చూడండి. వెనక వైపు నుంచి చూస్తే 170, దాని పక్కన 63.5, సందులు కలుపుకుని లోపలి వెడల్పు 245 మి.మీ. చాలు. లోతు 190, ఎత్తు 135. ఈ మూడూ గుణిస్తే ఆరు లీటర్ల పైచిలుకు వస్తుంది, కాలేజీ బ్యాగులో సులువుగా పడుతుంది. ఈ అమరిక నాకు ఎందుకు నచ్చుతుందంటే పవర్ సప్లై లోతు 100 మాత్రమే కాబట్టి దాని ముందు 90 మి.మీ. ఖాళీ మిగులుతుంది, తీగలన్నీ అక్కడ సర్దుకుంటాయి. చిన్న క్యాబినెట్ గీసేవాళ్ళు వస్తువులన్నిటినీ కొలుస్తారు గానీ తీగలను కొలవరు. 24 పిన్నుల లావు తీగ వంగాలంటే మూడు నాలుగు సెంటీమీటర్ల జాగా కావాలి, అది లేకపోతే మూత పడదు, బలవంతంగా నొక్కితే బోర్డు మీది సాకెట్ విరుగుతుంది.

కొలతలు కాగితం మీదికి వచ్చాక నేరుగా రేకు కొనడానికి పరుగెత్తకండి. టీవీయో ఫ్రిజ్జో వచ్చిన అట్టపెట్టె ఒకటి తెచ్చి, అసలు సైజులో అట్టతోనే క్యాబినెట్ చేయండి. బోర్డును చార్టు పేపర్ మీద పెట్టి నాలుగు మూలల స్క్రూ రంధ్రాల్లోంచి పెన్సిల్ మొనతో గుర్తులు పెట్టుకుంటే, ఏ డ్రాయింగూ ఇవ్వనంత కచ్చితమైన నమూనా మీ చేతిలో ఉంటుంది. వెనక యూఎస్‌బీ, హెచ్‌డీఎంఐ పోర్టులు బయటికి వచ్చే కిటికీ మాత్రం ప్రామాణిక కొలతే, 158.75 × 44.45 మి.మీ. బోర్డు కింద 6.5 మి.మీ. ఎత్తు ఇత్తడి స్టాండాఫ్‌లు (బోర్డును పలకకు తగలకుండా పైకెత్తి నిలిపే చిన్న దిమ్మెలు) వస్తాయి, బోర్డు మందం 1.6, ఆ పైన సాకెట్, ప్రాసెసర్ కలిపి మరో ఏడెనిమిది. ప్రాసెసర్‌ను చల్లబరిచే కూలర్ ఎత్తు లెక్క అక్కడి నుంచి మొదలవుతుంది. రైజెన్‌తో వచ్చే చిన్న కూలర్ 54 మి.మీ. ఉంటుంది, పై మూతకు 25 మి.మీ. మందం ఫ్యాన్ బిగించినా మధ్యలో గాలికి 40 మి.మీ. మిగులుతుంది. అట్ట డబ్బాలో అన్నీ పెట్టి, తీగలు బిగించి, మూత వేసి, మళ్ళీ విప్పి చూడండి. స్క్రూడ్రైవర్ ఎక్కడ దూరట్లేదో, ఏ తీగ కూలర్ ఫ్యాన్‌కు తగులుతోందో అప్పుడే బయటపడుతుంది. ఒక్కటే జాగ్రత్త, అట్టలో పెట్టి కరెంట్ మాత్రం ఇవ్వకండి.

ప్రశ్న: మా ఇంటి దగ్గర కిటికీలు, తలుపులు చేసే అల్యూమినియం సెక్షన్ దుకాణం ఉంది. వాళ్ళతో క్యాబినెట్ చేయించొచ్చా, నేనే చేసుకోవాలా? ఏ మందం రేకు అడగాలి? షీటు వంచడం వాళ్ళ దగ్గర లేదంటున్నారు. — కరీంనగర్ పాఠకుడు

జవాబు: వంచడం లేకపోతే పోయిందేమీ లేదు. మొదటి క్యాబినెట్‌కు వంపులు అసలు పెట్టుకోవద్దనే చెబుతాను. వంచిన రేకు ఒక్క మిల్లీమీటరు తేడా వచ్చినా ఇక సరిదిద్దలేం, పైగా గట్టి రకం అల్యూమినియం 6061 లాంటిది పదును మూలగా వంచితే వంపు దగ్గర పగులుతుంది. ఆ దుకాణంలోనే 12 మి.మీ. ఎల్ యాంగిల్ దొరుకుతుంది. దాన్ని కోయించుకుని పన్నెండు అంచులకూ ఒక చట్రం కట్టుకోండి, దానికి ఆరు వైపులా రేకులు స్క్రూలతో బిగించండి. బోర్డు కూర్చునే అడుగు పలకకు 2 మి.మీ. రేకు, మిగతా వాటికి 1.5 సరిపోతుంది. కోత పని వాళ్ళకే ఇవ్వండి, వాళ్ళ కటింగ్ మిషన్ మీద వచ్చినంత తిన్నని కోత ఇంట్లో హాక్సా బ్లేడుతో రాదు. రంధ్రాలు, మరలు మాత్రం మీరే వేసుకోండి, ఎందుకంటే అక్కడ కావాల్సింది మిషన్ కాదు, ఓపిక.

రంధ్రం వేసే ముందు సెంటర్ పంచ్‌తో చిన్న గుంట కొట్టండి, లేకపోతే డ్రిల్ బిట్ జారి పక్కకు పోతుంది. 3 మి.మీ. స్క్రూకు మర వేయాలంటే 2.5 మి.మీ. బిట్‌తో రంధ్రం చేయాలి. తర్వాత మర కోసే పనిముట్టు ట్యాప్‌కు ఒక చుక్క కిరోసిన్ రాసి నిటారుగా నిలబెట్టి, అర చుట్టు ముందుకు తిప్పి పావు చుట్టు వెనక్కి తిప్పండి. వెనక్కి తిప్పేటప్పుడు వేళ్ళకు చిన్నగా టిక్కుమని తెలుస్తుంది, తెగిన అల్యూమినియం ముక్క విడిపోయిందని అర్థం. ఆ టిక్కు రాకుండా ముందుకే తిప్పుకుంటూ పోతే పొడి గాడుల్లో ఇరుక్కుని ట్యాప్ లోపలే విరుగుతుంది, విరిగిన ట్యాప్‌ను 2 మి.మీ. రేకులోంచి తీయడం కంటే ఇంకో రేకు తెచ్చుకోవడం నయం. మర పని అయ్యాక ప్రతి రంధ్రం అంచునూ పెద్ద బిట్‌తో చేతిలో పట్టుకుని రెండు తిప్పులు తిప్పితే గరుకు పోతుంది. రేకు అంచులన్నీ ఆకురాయితో ఒకే వైపుకు రుద్దండి.

చట్రం కట్టేటప్పుడు మూలమట్టంతో నాలుగు మూలలూ చూసుకుని, ఆ తర్వాత ఎదురెదురు మూలల మధ్య దూరం రెండు వైపులా కొలవండి. రెండూ ఒకటే వస్తే చట్రం చదరంగా ఉన్నట్టు. స్క్రూలన్నీ వదులుగా పెట్టుకుని, ఈ కొలత కుదిరాకే ఒక్కొక్కటీ గట్టిగా బిగించాలి.

దుకాణాల బోర్డులకు వాడే ఏసీపీ షీటు గురించి కూడా అడిగారు. తుక్కు ముక్కలు చవకగా ఇస్తారు నిజమే, వెనక వైపు గాడి కోసి చేత్తో వంచితే అంచు ముద్దుగా వస్తుంది. అయితే అది రెండు పల్చటి అల్యూమినియం పొరల మధ్య ప్లాస్టిక్. పైపలకలకు వాడుకోండి, బోర్డును, పవర్ సప్లైని మోసే పలకలకు వద్దు.

ప్రశ్న: మా ఊరి ఎండలు మీకు తెలిసినవే. చిన్న డబ్బాలో కంప్యూటర్ పెడితే మే నెలలో కాలిపోదా? — రామగుండం పాఠకుడు

జవాబు: కాలిపోదు. మితిమీరి వేడెక్కితే ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. ఇప్పటి రైజెన్ ప్రాసెసర్లలో చాలావాటికి 95 డిగ్రీలు, ఇంటెల్‌లో చాలావాటికి 100 డిగ్రీలు హద్దు. కానీ డబ్బు పెట్టి కొన్న వేగం ఎండాకాలం మొత్తం చేతికందకపోతే ఏం లాభం? అందుకే డిజైన్ చేసేటప్పుడే మే నెలను లెక్కలో పెట్టుకోవాలి.

లెక్క కష్టమేం కాదు. లోపలి వేడి ఎప్పుడూ గదిలోని గాలి వేడికి పైన కొంత. జనవరిలో గది 25 డిగ్రీలున్నప్పుడు ప్రాసెసర్ 75 చూపిస్తే, అదే పని మేలో 40 డిగ్రీల గదిలో చేయిస్తే దాదాపు 90కి పోతుంది. చలికాలంలో క్యాబినెట్ చేసి పరీక్షించి బ్రహ్మాండంగా ఉందనుకునేవాళ్ళు ఈ పదిహేను డిగ్రీలు కలుపుకుని చూడాలి. చలికాలంలోనే 80 దాటి చూపిస్తుంటే ఆ డిజైన్ మన ఎండలకు పనికిరాదు, ఇంకో రెండు సెంటీమీటర్లు ఎత్తు పెంచండి, మొహమాటపడకండి. నా ఉద్దేశంలో చిన్న క్యాబినెట్ సైజును నిర్ణయించాల్సింది గాలి, లీటర్ల లెక్క కాదు. ఐదు లీటర్లలో చేశానని చెప్పుకోవడానికి బాగానే ఉంటుంది, ఏడు లీటర్లలో చేసినది ఏడాది పొడుగునా పనిచేస్తుంది.

వేడి గాలి పైకి పోతుంది కాబట్టి బయటికి తోసే ఫ్యాన్ పైమూతకు పెట్టండి. 120 మి.మీ. ఫ్యాన్‌కు స్క్రూ రంధ్రాల మధ్య దూరం 105 మి.మీ., 92 మి.మీ. ఫ్యాన్‌కు 82.5. చల్లగాలి అడుగు నుంచి, పక్కల నుంచి రావాలి, అందుకని కింద కనీసం 15 మి.మీ. ఎత్తు రబ్బరు కాళ్ళు పెట్టండి. పవర్ సప్లై ఫ్యాన్ ఉన్న వైపు పలకకు కూడా రంధ్రాలుండాలి, అది తన గాలి తాను బయటి నుంచే తీసుకోవాలి. అంతా బిగించి ఆన్ చేశాక అగరుబత్తి వెలిగించి ఒక్కో రంధ్రాల వరస దగ్గరికీ తీసుకెళ్ళండి. లోపలికి లాగాల్సిన చోట పొగ లోపలికి పోకుండా నిలబడితే అక్కడ గాలి లేదు. పైన బయటికి వచ్చిన వేడి గాలే పక్కనుంచి మళ్ళీ లోపలికి తిరుగుతుంటే అది కూడా పొగలో కనబడుతుంది, అలాంటి చోట మధ్యలో చిన్న అట్టముక్క అడ్డుపెట్టి తేడా చూసి, తర్వాత రేకుతో చేసుకోండి.

బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే తెరుచుకోగలిగే సెట్టింగుల చోటు) ప్రాసెసర్‌కు కరెంట్ తగ్గించే సెట్టింగ్ ఉంటే వేసవికి వాడుకోండి, ఎకో మోడ్ లాంటిది. మామూలు పనుల్లో వేగం తేడా పెద్దగా తెలియదు, వేడి తేడా బాగా తెలుస్తుంది. ఇంకోటి, ఎయిర్ కూలర్ గాలి నేరుగా తగిలే చోట క్యాబినెట్ పెట్టకండి. ఆ గాలిలో నీటి తుంపర ఉంటుంది, మన బోరు నీళ్ళలో ఉప్పు ఉంటుంది, రెండూ బోర్డుకు పడవు.

ప్రశ్న: ఇంట్లో మగ్గం ఉంది, దర్రీలు నేస్తాం. నూలు పోగుల దుమ్ము ఎప్పుడూ గాల్లో ఉంటుంది. కొన్న క్యాబినెట్ లోపల నెలకే దూది పేరుకుపోతోంది. సొంతంగా చేసుకుంటే దీనికేమైనా దారి ఉందా? — కొత్తవాడ, వరంగల్

జవాబు: సొంతంగా చేసుకోవడానికి మీకున్నంత మంచి కారణం ఇంకెవరికీ లేదు. కొన్న క్యాబినెట్లో గాలి పది చోట్ల నుంచి లోపలికి వస్తుంది, అన్నిటికీ జాలి పెట్టలేం. మీరు చేసేదానిలో లోపలికి లాగే ఫ్యాన్ ఒక్కచోటే పెట్టండి, పెద్దది, 120 లేదా 140 మి.మీ., దాని ముందు జాలి. బయటికి తోసే ఫ్యాన్ వద్దు, లేదా చిన్నది నెమ్మదిగా తిరిగేది పెట్టండి. లోపలికి వచ్చే గాలి ఎక్కువ, బయటికి తోసేది తక్కువ అయితే ప్రతి సందులోంచీ గాలి బయటికే వస్తుంది, దుమ్ముకు దూరే దారి ఉండదు. పైన రామగుండం వాళ్ళకు చెప్పింది మీకు కొంచెం తిరగేసి చెబుతున్నట్టే, ఒకటి రెండు డిగ్రీలు పెరిగినా మీ ఇంట్లో దూది ఆపడమే ముఖ్యం.

జాలి సన్నగా ఉండాలని మరీ గుడ్డలాంటిది వాడకండి, గాలి ఆగిపోతుంది. కిటికీలకు కొట్టే దోమల జాలి నూలు పోగులకు చాలు. చుట్టూ పల్చటి అయస్కాంతం పట్టీ అతికించుకోండి. కాకపోతే అల్యూమినియానికి అయస్కాంతం పట్టదు, ఫ్యాన్ చుట్టూ ఇనప రేకు చట్రం ఒకటి స్క్రూలతో బిగించాల్సి ఉంటుంది. వారానికోసారి జాలి పీకి దులిపేస్తే సరి, స్క్రూ విప్పే పని ఉండకూడదు. విప్పాల్సి వస్తే ఎవరూ శుభ్రం చేయరు. క్యాబినెట్‌ను నేల మీద కాకుండా మగ్గం ఎత్తుకు పైన పెట్టుకోండి.

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ చదువుతున్నాడు. వాడే రేకుతో డబ్బా చేసి అందులో కంప్యూటర్ బిగిస్తానంటున్నాడు. రేకంటే కరెంట్ పాకుతుంది కదా, నాకు ఒకటే టెన్షన్. చేయనివ్వొచ్చా? — ఒక తల్లి, గోదావరిఖని

జవాబు: చేయనివ్వండమ్మా. మీ భయం అర్థం లేనిదేం కాదు, అందుకే విడమరచి చెబుతాను. 230 వోల్టుల కరెంట్ పవర్ సప్లై అనే మూసిన ఇనప డబ్బా లోపలే ఉంటుంది, దాని నుంచి బోర్డుకు వచ్చేది 12 వోల్టులు, అంతకంటే తక్కువ. కాబట్టి మీ అబ్బాయికి గట్టిగా చెప్పాల్సింది మొదట ఒకటుంది: పవర్ సప్లై మూత ఎప్పటికీ విప్పకూడదు, ప్లగ్ పీకేసి ఉన్నా సరే, లోపలి కెపాసిటర్లలో ప్రమాదకరమైన వోల్టేజీ నిలిచి ఉంటుంది. మెయిన్ తీగను కోసి అతికే పని కూడా వద్దు.

ఇక ఎర్తింగ్. మూడు పిన్నుల ప్లగ్‌లో లావుగా ఉండే పిన్ను పవర్ సప్లై ఇనప డబ్బాకు కలిసి ఉంటుంది, ఆ డబ్బా స్క్రూల ద్వారా క్యాబినెట్‌కు కలవాలి. ఇక్కడే పిల్లలు పొరపాటు పడతారు. అందంగా ఉంటుందని రేకుకు ముందే పెయింట్ వేస్తారు, పెయింట్ కరెంట్‌ను పాకనివ్వదు, స్క్రూ బిగించినట్టే ఉంటుంది గానీ ఎర్త్ అందదు. స్క్రూ కూర్చునే చోట పెయింట్ గీకేసి, పళ్ళున్న వాషర్ వేసి బిగించమనండి. తర్వాత ప్లగ్‌ను గోడ నుంచి తీసేసి, మల్టీమీటర్‌ను బీప్ గుర్తు మీద పెట్టి, ఒక కొన ప్లగ్‌లోని లావు పిన్నుకూ, ఇంకో కొన ఒక్కో పలక మీద పెయింట్ లేని స్క్రూకూ తాకించాలి. అన్ని పలకలకూ బీప్ రావాలి. రాని పలకకు చిన్న తీగ ముక్కతో చట్రానికి కలపాలి.

ఇదంతా సరిగ్గా ఉన్నా ఇంటి గోడలోని సాకెట్‌కు ఎర్తింగ్ లేకపోతే క్యాబినెట్ మీద వేలు పెట్టినప్పుడు జివ్వుమంటుంది. చాలా పాత ఇళ్ళల్లో, క్వార్టర్లలో కంప్యూటర్ ముట్టుకుంటే జివ్వుమనేది ఇందుకే, పవర్ సప్లైలోని ఫిల్టర్ ద్వారా కొద్దిపాటి కరెంట్ డబ్బా మీదికి వస్తుంది. ఒకసారి ఎలక్ట్రీషియన్‌తో సాకెట్ ఎర్తింగ్ చూపించండి, అది క్యాబినెట్ కోసమే కాదు, ఫ్రిజ్‌కూ వాషింగ్ మెషిన్‌కూ కూడా.

డ్రిల్ చేసేటప్పుడు కళ్ళద్దాలు పెట్టుకోమనండి, రేకును చేత్తో పట్టుకోకుండా క్లాంపుతో బిగించమనండి. అల్యూమినియం పొడి బోర్డు మీద పడితే షార్ట్ అవుతుంది కాబట్టి రేకు పని వరండాలో, బోర్డు బీరువాలో.

ప్రశ్న: టేకు చెక్క ముక్కలు ఇంట్లో ఉన్నాయి. చెక్కతో చేస్తే అంటుకుంటుందా? — జగిత్యాల పాఠకుడు

జవాబు: మామూలుగా కంప్యూటర్‌లో ఉండే వేడికి చెక్క అంటుకోదు. అసలు సమస్య వానాకాలం. చెక్క నారకు అడ్డంగా ఉబ్బుతుంది, ఎండాకాలం కుంచించుకుంటుంది, అందుకే బోర్డును నేరుగా చెక్కకు బిగించకండి. లోపల అల్యూమినియం పలక పెట్టి, దాని మీద బోర్డు, పవర్ సప్లై కూర్చోబెట్టి, ఆ పలకను చెక్కకు బిగించే రంధ్రాలు కొంచెం కోలగా కోయండి, చెక్క కదిలినా పలక వంగదు. టేకు బాగుంటుంది. ఎండీఎఫ్ మాత్రం వద్దు, తేమకు అంచులు ఉబ్బిపోతాయి.

ప్రశ్న: గ్రాఫిక్స్ కార్డును రైజర్ తీగతో (స్లాట్‌కూ కార్డుకూ మధ్య పెట్టే పొడిగింపు తీగ) బోర్డు వెనక్కి తిప్పి పెట్టాను. గేమ్ ఆడుతుంటే స్క్రీన్ నల్లగా అయిపోతోంది. కార్డు నేరుగా స్లాట్‌లో పెడితే బాగానే ఉంది. — మంచిర్యాల

జవాబు: కార్డుకు ఏమీ కాలేదు. తీగ పాత తరానిది, బోర్డూ కార్డూ కొత్త తరం వేగంతో మాట్లాడుకోవాలని చూస్తున్నాయి. బయోస్‌లోకి వెళ్ళి ఆ స్లాట్ వేగాన్ని ఆటోలో ఉంచకుండా జెన్ 3 (మూడో తరం) అని పెట్టండి, ఎక్కువసార్లు అక్కడితో పోతుంది. పోకపోతే తీగ ఎక్కడైనా మడత పడిందేమో చూడండి. అది గుండ్రంగా తిరగాలి, కాగితంలా మడవకూడదు. రెండు స్లాట్ల కార్డుకు దాదాపు 41 మి.మీ. మందం వదలాలి, స్లాట్ల మధ్య దూరం 20.32 మి.మీ. కాబట్టి.

ప్రశ్న: పెంబర్తి మాకు దగ్గరే. క్యాబినెట్ ముందు పలక అక్కడి ఇత్తడి పనితో చేయించాలని ఉంది. గాలికి ఇబ్బంది అవుతుందా? — జనగామ పాఠకురాలు

జవాబు: ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాకు అన్నిటికంటే నచ్చినది మీదే. భౌగోళిక గుర్తింపు పొందిన పని అది, రేకును కొట్టి రూపం తెప్పించడంలో వాళ్ళ చెయ్యి తిరిగినంతగా ఇంకెవరికీ తిరగదు. తప్పకుండా చేయించండి. వాళ్ళ దగ్గరికి వెళ్ళేటప్పుడు అట్టతో కోసిన నమూనా తీసుకెళ్ళండి, స్క్రూ రంధ్రాలు ఎక్కడుండాలో, ఏ భాగంలో బొమ్మ ఉండొచ్చో, ఏ భాగంలో జాలి తప్పనిసరో రంగు పెన్సిళ్ళతో గీసి.

జాలి గురించి ఒక లెక్క చెబుతాను, దీని మీదే అంతా ఆధారపడి ఉంది. 4 మి.మీ. రంధ్రాలు 10 మి.మీ. దూరంలో వేస్తే చూడ్డానికి నిండుగానే ఉంటుంది గానీ గాలికి దక్కే జాగా 15 శాతం కూడా లేదు. అదే 6 మి.మీ. రంధ్రాలు 8 మి.మీ. దూరంలో, ఒక వరస రంధ్రాల మధ్యకు రెండో వరస వచ్చేలా వేస్తే సగం పైగా తెరుచుకుంటుంది. లతలు, హంసలు వేయించుకోండి, వాటి మధ్య కోసే ఖాళీలన్నీ కలిపి ఆ సగం రావాలని మాత్రం ముందే చెప్పండి. ఫ్యాన్ రెక్కలకూ రేకుకూ మధ్య కనీసం ఐదు మిల్లీమీటర్లు వదలండి, ఆనుకుని ఉంటే గాలి ఈల వేస్తుంది. ఇత్తడి, అల్యూమినియం నేరుగా కలిసిన చోట తేమకు అల్యూమినియం తుప్పు పడుతుంది కాబట్టి మధ్యలో నైలాన్ వాషర్లు వేయండి, అప్పుడు ఆ పలకకు ఎర్త్ తీగ విడిగా ఇవ్వాలి. మెరుగు పోకుండా పైన లక్కర్ కొట్టిస్తారు, ఆ తీగ తగిలే చిన్న చోటు మాత్రం లక్కర్ లేకుండా వదిలేయమనండి.